మూడో ప్రశ్నలో అమ్మ

పోయిన వారం మనం వదినను డైరెక్టరు గారి గది బయట బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. అదే బెంచీకి ఆ చివర పిట్ట. ఇంట్లో అయితే ఒకే దుప్పట్లో కాళ్లు దాచుకుని కబుర్లు చెప్పుకునే వదినా ఆడపడుచులు, ఇక్కడ మాత్రం మధ్యలో ఇద్దరు మనుషులు పట్టేంత చోటు వదిలి, ఒకరు గోడనీ ఒకరు నేలనీ చూస్తున్నారు.

ఇవాళే ఈ కథలోకి అడుగుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. వదిన ఉద్యోగం ప్రశ్నలు తయారుచేయడం. ఏ కంపెనీకైనా మనుషులు కావలసి వస్తే, వచ్చినవాళ్ల బుర్రలో లెక్కా తర్కం ఏపాటి ఉన్నాయో పరీక్ష పెట్టి తేల్చే ఆఫీసు అది. ఈసారి పరీక్ష ఒక లిఫ్టుల కంపెనీ కోసం. వాళ్ల కంట్రోల్ రూములో ఒకే ఒక్క కుర్చీ ఖాళీ. ఆ పేపరు సంగతి ఇంట్లో పొక్కనివ్వకుండా వదిన ఆఫీసులోనే కూర్చుని రాసింది. పరీక్ష రాసినవాళ్లలో ఇద్దరిని ఇంటర్వ్యూకు పిలిచారు. పోయిన శుక్రవారం కాగితాల కట్ట పట్టుకుని వరండాలోకి వచ్చిన వదిన, అక్కడ కుర్చీలో బుద్ధిగా కూర్చున్న అమ్మాయిని చూసి, "ఒసే పిట్టా! నువ్వేంటే ఇక్కడ?" అని ఆఫీసంతా వినపడేలా అరిచింది. పిట్ట సొంత ఆడపడుచు. నలభైకి ముప్పై తొమ్మిది తెచ్చుకున్న అమ్మాయి.

ప్రశ్నలు రాసినవాళ్ల బంధువులు ఆ పరీక్ష రాయకూడదని ఆ ఆఫీసులో నియమం. కనుక వదిన అరుపు ఆమె మెడకే చుట్టుకుంది.

తలుపు తెరుచుకుంది. "రండి" అన్నారు డైరెక్టరు గారు. ఆ ఒక్క మాటలోనే "ఇక పోండి" అన్న మాట కూడా వినిపించింది.

గదిలో బల్లకు అటువైపు ఆయన, కిటికీ పక్కన లిఫ్టుల మేడమ్. లిఫ్టుల కంపెనీలో మనుషుల్ని ఎంపిక చేసేది ఈవిడే. నాలుగు అంతస్తులూ మెట్లెక్కి వచ్చింది. అదేంటని ఎవరైనా అడిగితే, "లిఫ్టుల సంగతి నాకు తెలుసు కదా" అంటుంది. డైరెక్టరు గారు ఆ పొద్దున కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయి వచ్చారు. అందుకని పిట్ట జవాబు పత్రాన్ని చెయ్యి చాచినంత దూరం చాచి, మెడ వెనక్కి వంచి, ఎవరో ఎంగిలి చేసిన పళ్లెం పట్టుకున్నట్టు పట్టుకున్నారు.

"తొంభై నిమిషాల పేపరు. ఈ అమ్మాయి ముప్పై నిమిషాల్లో రాసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుందట. సూపర్వైజరు చెప్పాడు" అన్నారు ఆయన. తర్వాత వదిన వైపు తిరిగారు. "చూడమ్మా, మీ మీద నాకు గౌరవం ఉంది. మీరు చెప్పారా, ఈ అమ్మాయి చూసిందా, నాకు అనవసరం. పేపరు మీ ఇంటి గడప దాటిందని తేలితే మాత్రం ఈ ఆఫీసులో మీకు ఇదే ఆఖరి రోజు. ఇంకే ఆఫీసూ మీకు ప్రశ్నలు రాసే పని ఇవ్వదు."

"నేను చెప్పలేదు సార్" అంది వదిన. గొంతు వణికింది. నిజం చెప్పేవాళ్ల గొంతే ఎక్కువ వణుకుతుందెందుకో! అబద్ధాలవాళ్లు ముందే సాధన చేసి వస్తారు కాబోలు. "పేపరు నేను ఇంటికి తీసుకెళ్లనే లేదు. ఈ బీరువాలోనే ఉంది. పిట్ట ఈ పరీక్ష రాస్తున్నట్టు కూడా నాకు తెలియదు."

"మరి ఎలా?"

బతుకంతా నాలుగు జవాబులు ఇచ్చి ఒకటి ఎంచుకోమన్న వదినకు ఆ క్షణాన ఒక్కటీ దొరకలేదు.

పిట్ట అప్పటిదాకా నేల చూపులే చూస్తోంది. ఆ పిల్లకు ఈ ఉద్యోగం ఎంత అవసరమో చెప్పాలి. ఇంతకు ముందు రాసిన పరీక్షలన్నీ దాన్ని గుమ్మంలోనుంచే తిప్పి పంపాయి. ఇంట్లో ఎవరూ పల్లెత్తు మాట అనకపోయినా, తనే ఎవరికీ చెప్పకుండా రాయడం నేర్చుకుంది, చెప్పకపోతే ఓడిపోయినట్టు ఎవరికీ తెలియదు కదా అని. మొదటిసారి నెగ్గింది. ఇప్పుడు నోరు విప్పితే ఆ నెగ్గడం కాస్తా పోతుంది. విప్పకపోతే వదిన ఉద్యోగం పోతుంది.

"నేను చెప్తానండి" అంది పిట్ట. "వదిన నాకు ఒక్క ప్రశ్న కూడా చెప్పలేదు. కానీ నేను కూడా అన్నిటికీ లెక్క వేయలేదు."

"మరి కాపీ కొట్టావా?"

"లేదండి. గుర్తుపట్టాను."

"ప్రశ్నల్నా?"

"మనుషుల్ని."

డైరెక్టరు గారు కాగితం దించారు. లిఫ్టుల మేడమ్ కుర్చీని కిటికీ దగ్గరి నుంచి బల్ల దగ్గరికి లాక్కుంది.

"మొదటి రెండు ప్రశ్నలూ మామూలుగానే చేశానండి" అంది పిట్ట. "మూడో ప్రశ్నలో అమ్మ కనపడింది."

"ఎవరమ్మ?"

"మా అమ్మ. వదినకు అత్తగారు. ఆ ప్రశ్న ఏంటంటే, ట్యాంకులో పన్నెండు వందల లీటర్ల నీళ్లున్నాయి. పావు వంతు వాడేశారు. మిగిలినదాంట్లో మూడో వంతు కారిపోయింది. ఇంకా ఎన్ని ఉన్నాయి? లెక్క వేస్తే ఆరు వందలు. కింద జవాబుల్లో ఒకటి తొమ్మిది వందలని ఉంది. అది చూడగానే నవ్వొచ్చింది. అది అచ్చం మా అమ్మ మాట. ఏ లెక్కయినా సగం దారిలో ఒక అంకె దొరికితే చాలు, అది పట్టుకుని లేచి వెళ్లిపోతుంది. 'వాడుకోగా తొమ్మిదొందలున్నాయిగా, చాల్లే' అంటుంది. కారిపోయిన సంగతి ఆవిడకి పట్టదు."

వదిన కుర్చీ అంచుకు జరిగింది.

"ఇంకో జవాబులో అన్నయ్య ఉన్నాడు. మా అన్నయ్య ఎవరేం చెప్పినా మొదటి సగమే వింటాడు. 'మిగిలినదాంట్లో' అన్న మాట వాడి చెవికెక్కదు. మొత్తంలో పావూ, మొత్తంలో మూడో వంతూ తీసేసి ఐదు వందలంటాడు. ఇంక నాన్న. నాన్న ఎప్పుడూ ఒకటి ఎక్కువ లెక్కపెడతారు. తాడుని ఐదు ముక్కలు చేయాలంటే ఎన్నిసార్లు కోయాలంటే ఐదు అంటారు. పుస్తకాల అలమరకి చెక్కలు కోయించినప్పుడూ అంతే. ఒక చెక్క మిగిలిపోయింది. ఇప్పటికీ మంచం కింద ఉంది."

"ఉంది" అంది వదిన, ఎవరూ అడగకుండానే.

"అక్కడినుంచి ప్రతి ప్రశ్నలోనూ మా ఇంట్లోవాళ్లే. ఇది అమ్మ, ఇది నాన్న, ఇది అన్నయ్య అని ముగ్గుర్నీ పక్కకు జరిపితే మిగిలింది సరైన జవాబు. కొన్నిటికి లెక్క వేసి సరిచూశాను. కొన్నిటికి వేయలేదండి. అంత అవసరం అనిపించలేదు."

ఆ పని చేసేవాళ్లకు తప్ప బయటివాళ్లకు తెలియని సంగతి ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. పరీక్షల్లో ప్రశ్న రాయడం పెద్ద కష్టం కాదు. సరైన జవాబుకు అసలు కష్టమే లేదు, దాన్ని లెక్కే ఇస్తుంది. తప్పు జవాబులు మూడు కావాలి, అవి మనుషులే ఇవ్వాలి. నోటికొచ్చిన అంకె వేస్తే ఎవరూ పడరు. మనిషి నిజంగా ఎక్కడ జారతాడో అక్కడే రాయి పెట్టాలి. వాటిని ఆ ఆఫీసులో ఎరలంటారు. ఎరలు వేయడంలో వదినను మించినవాళ్లు లేరని పేరు. ఆ ఎరలన్నీ తన బుర్రలోంచి పుట్టాయని ఆవిడ ఇన్నాళ్లూ మురిసిపోయింది. అవి తన ఇంటి భోజనాల బల్ల దగ్గర పుట్టాయని ఇప్పుడు ఆడపడుచు చెబితే గానీ తెలియలేదు.

ఆమెకు ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒళ్లు జలదరించింది. ఇన్నేళ్లుగా ఊరూరా వేలమందికి తన అత్తగారిని తప్పు జవాబుగా పంచిపెట్టింది! ఆవిడకి తెలిస్తే? ఇంటి గుట్టు లంకకు చేటు అంటారు, ఈ గుట్టు ముందు వంటింటికే చేటు.

డైరెక్టరు గారు మాత్రం కరగలేదు. "కథ బాగుంది. పేపరు ముందే చూసినవాళ్లు ఎవరైనా ఇలాంటి కథే చెప్తారు" అన్నారు.

"అయితే చూడని పేపరు ఇవ్వండి" అంది లిఫ్టుల మేడమ్. "దానికేముంది!"

ఆయన బీరువా తాళం తీసి, వచ్చే నెల ఇంకో కంపెనీకి పెట్టబోయే పేపరు ఒకటి బయటికి తీశారు. అదీ వదిన రాసిందే. అందులోంచి ఒక ప్రశ్న ఎంచుకుని, కాస్త ఆలోచించి, ప్రశ్న ఉన్న భాగాన్ని లోపలికి మడిచేశారు. కింద నాలుగు జవాబులే కనపడుతున్నాయి. "మనుషుల్నే గుర్తుపడతావు కదా. ప్రశ్నతో నీకేం పని? చెప్పు."

నలభై ఎనిమిది. డెబ్బై రెండు. డెబ్బై ఎనిమిది. తొంభై ఆరు.

"సార్, ప్రశ్న లేకుండా ఎలా?" అంది వదిన. ఇక్కడ పిట్ట తప్పితే కథ నిజంగానే కథ అయిపోతుంది.

పిట్ట కాగితం మీదికి వంగింది. పెదాలు కదిలాయి.

"నలభై ఎనిమిది అమ్మ" అంది చివరికి. "అన్నిట్లోకీ చిన్నది. సగంలో ఆగిపోయింది. తొంభై ఆరు దానికి సరిగ్గా రెట్టింపు. అంటే వెళ్లడం రావడం లాంటిదేదో ఉంది. వెళ్లినంతసేపే రావడం అనుకున్నది అన్నయ్య, రావడం గురించి చెప్పింది వినలేదు. ఇంక డెబ్బై రెండు, డెబ్బై ఎనిమిది. రెండిటికీ ఆరు తేడా. ఒకటి పన్నెండు ఆర్లు, ఒకటి పదమూడు ఆర్లు." తల ఎత్తింది. "నాన్న ఎప్పుడూ ఒకటి ఎక్కువే లెక్కపెడతారు. డెబ్బై ఎనిమిది నాన్న. జవాబు డెబ్బై రెండు."

డైరెక్టరు గారు మడత విప్పారు. చెయ్యి చాచారు. ఇంకా చాచారు. కుదరక కాగితం మేడమ్ చేతికిచ్చారు. ఆవిడ పైకి చదివింది. "ఒక లిఫ్టు ఒక్కో అంతస్తు ఎక్కడానికి నాలుగు సెకన్లు పడుతుంది. దిగేటప్పుడు రెట్టింపు వేగం. మొదటి అంతస్తు నుంచి పదమూడో అంతస్తుకు వెళ్లి తిరిగి రావడానికి ఎంతసేపు?" వేళ్ల మీద లెక్కేసుకుంది. "పన్నెండు అంతస్తులు ఎక్కడం నలభై ఎనిమిది, దిగడం ఇరవై నాలుగు. డెబ్బై రెండే."

వదిన కుర్చీ వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. ప్రాణం లేచి వచ్చింది.

"సరే, పేపరు బయటికి పోలేదు. ఒప్పుకుంటాను" అన్నారు డైరెక్టరు గారు, ఒప్పుకోవడం కూడా ఆఫీసు పనిలాగే చేస్తూ. "కానీ ఈ అమ్మాయికి లెక్కలు రావని కూడా తేలింది కదా. కుటుంబాన్ని గుర్తుపట్టి ఉద్యోగం తెచ్చుకుంటానంటే కుదరదు."

"అవునండి" అంది పిట్ట మెల్లగా. "అందుకే చెప్పాను."

లిఫ్టుల మేడమ్ పకపకా నవ్వింది. "ఏవండీ, మా కంట్రోల్ రూములో రోజంతా ఏం జరుగుతుందో మీకు తెలుసా? లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు ఫోన్ చేస్తారు. భయంలో ఒక్కరూ సరిగ్గా చెప్పరు. నాలుగులో ఇరుక్కుని ఐదంటారు. ఇద్దరున్నామంటారు, చంకలో పిల్లని లెక్కేయరు. పది నిమిషాలయిందంటారు, రెండు కూడా కాదు. సరైన జవాబు చెప్పేవాళ్లు నాకెందుకు? ఈ మనిషి ఎలా తప్పు చెప్తున్నాడో పట్టుకునేవాళ్లు కావాలి. అయినా, ఆ పన్నెండు ఆర్లు, పదమూడు ఆర్లు లెక్క కాకపోతే ఏంటట?"

పిట్ట ముఖంలో వెలుగు వచ్చింది. వదిన చెయ్యి బల్ల కింద నుంచి వెళ్లి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. శుక్రవారం నుంచి ఇదే మొదటిసారి.

"ఒక్కటి అడగాలి" అంది మేడమ్. "ఆ ఒక్క ప్రశ్న ఎందుకు వదిలేశావు? నలభయ్యోది?"

"అందులో మా వాళ్లెవరూ లేరండి" అంది పిట్ట. "అమ్మా లేదు, నాన్నా లేరు, అన్నయ్యా లేడు. సరే అని లెక్క వేశాను. నాకొచ్చిన జవాబు కూడా అక్కడ లేదు. రెండుసార్లు వేశాను."

"ఏ ప్రశ్న అది?" అంది వదిన.

"ఒక డైరెక్టరు ఎనిమిది మందిని సమావేశానికి పిలిచాడు. గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ మిగతా అందరితో ఒక్కొక్కసారి చేతులు కలిపారు. మొత్తం ఎన్నిసార్లు చేతులు కలిసినట్టు? డైరెక్టరుతో కలిపి తొమ్మిది మంది కదా. ముప్పై ఆరు రావాలి. అక్కడేమో పదహారు, ఇరవై ఎనిమిది, యాభై ఆరు, అరవై నాలుగు."

"ఆ ప్రశ్న నాది కాదు" అంది వదిన.

బీరువాకు తాళంచెవులు రెండే. ఒకటి వదిన దగ్గర. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు డైరెక్టరు గారు జేబు తడుముకున్నారు.

"నా నలభయ్యో ప్రశ్న గడియారం మీద కదా సార్. అదేమైంది?"

"అది... కాస్త పాతగా అనిపించింది" అన్నారు ఆయన. చెవులు ఎర్రబడ్డాయి. "ఇన్నేళ్లుగా అందరి ప్రశ్నలూ ఆమోదిస్తూ కూర్చున్నాను. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి నేనూ రాద్దామని... జవాబు ఇరవై ఎనిమిదేగా? ఎనిమిది మంది..."

"తొమ్మిది మంది సార్" అంది వదిన. "డైరెక్టరు కూడా గదిలోనే ఉన్నాడు."

ఆయన పైకప్పు వైపు చూశారు. పప్పులో కాలేసినవాడు కాలు తీయడానికి ముందు కాస్త గంభీరంగానే కనపడాలి. "సరే. అదంతా తర్వాత చూద్దాం. మొదటి ర్యాంకు ఆవిడ వచ్చిందేమో చూడండి. నలభైకి నలభై. ఏ బంధుత్వమూ, ఏ గొడవా లేకుండా. నిఖార్సయిన ప్రతిభ అంటే ఏంటో మనమంతా చూద్దాం."

అటెండరు వెళ్లి తలుపు తీసి పట్టుకున్నాడు. నెరిసిన జుట్టు, మంచి చీర, చేతిసంచి. వచ్చినావిడ ముందు మేడమ్‌కు నమస్కారం పెట్టింది. తర్వాత సంచిలోంచి కళ్లద్దాల పెట్టె తీసి డైరెక్టరు గారి ముందు పెట్టింది.

"అద్దం ముందు మర్చిపోయి వచ్చారు. పొద్దుటి నుంచి ఏం చదివారో ఏమో" అంది.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చూశారు. తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశారు. భార్య మారలేదు.

"నువ్వా?"

"నేనే. చెప్తే 'ఈ వయసులో నీకెందుకు' అనేవారు. అందుకని చెప్పలేదు."

"ఈ ఆఫీసు పరీక్ష అని నీకు..."

"లిఫ్టుల కంపెనీ ప్రకటన చూసి రాశాను. మీ ఆఫీసుదని నాకేం తెలుసు? ఆఖరి ప్రశ్నకు వచ్చాక తెలిసింది." ఆవిడ మేడమ్ వైపు తిరిగింది. "పెళ్లికి ముందు పిల్లలకు లెక్కలు చెప్పేదాన్నండి. ముప్పై తొమ్మిది చేసుకుంటూ వచ్చాను. నలభయ్యోదానికి ముప్పై ఆరు వచ్చింది. జవాబుల్లో లేదు. ఎవరో తప్పు రాశారనుకుని మళ్లీ చదివాను. డైరెక్టరు, ఎనిమిది మందిని పిలిచాడు. అప్పుడర్థమైంది ఎవరో. ఈయన మనుషుల్ని ఎప్పుడు లెక్కపెట్టినా తనని వదిలేస్తారు. సినిమాకు టిక్కెట్లు తెస్తే ఒకటి తక్కువ. టాక్సీ పిలిస్తే ఒక సీటు తక్కువ. ఈయన తప్పులో అడుగేసి ఇరవై ఎనిమిది పెట్టాను. తప్పని తెలుసు. మార్కు వస్తుందనీ తెలుసు."

తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అనలేదు. పిట్ట ఆవిడ వైపు భక్తిగా చూసింది.

"బంధువులు రాయకూడదన్న నియమం ఎవరు పెట్టారు?" అంది లిఫ్టుల మేడమ్, అమాయకంగా.

పెట్టింది డైరెక్టరు గారే. ఆ నియమంలోనూ ఆయన తనను లెక్కేసుకోలేదు.

"నా లెక్క ఇది" అంది మేడమ్. "ఆ ప్రశ్న తీసేస్తే ఇద్దరికీ ముప్పై తొమ్మిదే. ఇద్దరూ నాకు నచ్చారు. కానీ కుర్చీ ఒక్కటే. మళ్లీ పరీక్షలు పెట్టి, మళ్లీ పిలిచి, అంత ఓపిక నాకు లేదు. ఇంకొక్క ప్రశ్న. ఇద్దరికీ ఒకటే. ఇక్కడే, ఇప్పుడే." తెల్లకాగితం ఒకటి వదిన ముందుకు తోసింది. "మీరు రాయండి."

"నేనా?"

"ఆవిడా?" అన్నారు డైరెక్టరు గారు.

"పోనీ మీరు రాస్తారా?" అంది ఆయన భార్య.

ఆయన కాగితాన్ని వదిన వైపు ఇంకాస్త జరిపారు.

వదిన కలం తీసుకుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. పిట్ట నెగ్గితే ఇంటి పిల్ల కోసం రాసిందంటారు. ఆవిడ నెగ్గితే డైరెక్టరు భార్యకు కాకా పట్టిందంటారు. కడిగిన ముత్యంలా ఈ గదిలోంచి బయటపడాలంటే, రాసే ప్రశ్నలో ఇద్దరికీ తెలిసిన మనిషి ఒక్కరూ ఉండకూడదు. అత్తగారిని పక్కన పెట్టింది. మామగారిని, భర్తను కూడా. ముగ్గుర్నీ తీసేశాక ఎరలు లేవు. ఇంత పేరున్న చేతికి ఒక్క తప్పు జవాబు కూడా తట్టలేదు. అవతల గోడ గడియారం నడుస్తోంది. మేడమ్ చేతిలో కారు తాళాలు గలగలమంటున్నాయి.

చాలాసేపటికి ఆమె రాయడం మొదలుపెట్టింది. ఆగకుండా రాసింది. అదే ప్రశ్న రెండో కాగితం మీద కూడా దించి, ఇద్దరి ముందూ పెట్టింది.

*ఒక భవనంలో నాలుగు లిఫ్టులు ఒకేసారి ఆగిపోయాయి. పంపడానికి మెకానిక్ ఒక్కడే ఉన్నాడు. మొదటి లిఫ్టులో ఒకాయన గట్టిగా అరుస్తున్నాడు. రెండోదాంట్లో తల్లి పాపను ఊరుకోబెడుతోంది. మూడోదాంట్లో ఆసుపత్రికి వెళ్లాల్సిన డాక్టరు ఉన్నాడు. నాలుగోదాంట్లోంచి ఏ జవాబూ లేదు. మెకానిక్‌ను ముందు ఎక్కడికి పంపాలి? ఎందుకు?*

మేడమ్ తాళాల చప్పుడు ఆగిపోయింది.

డైరెక్టరు భార్య ఒకసారి చదివి, కళ్లు మూసుకుని, రాయడం మొదలుపెట్టింది. పిట్ట చదివింది. మళ్లీ చదివింది. కలం మూత పెట్టేసి లేచి నిలబడింది.

"నేను రాయకూడదు మేడమ్."

"ఎందుకని?"

"ఇందులో నాలుగు జవాబులూ వదినే" అంది పిట్ట. "ఇంట్లో అరిచినవాళ్ల దగ్గరికీ ఆవిడే పరిగెడుతుంది, ఏడ్చినవాళ్ల దగ్గరికీ ఆవిడే. నేను పరీక్ష పోయి నోరెత్తకుండా గదిలో కూర్చుంటే, తలుపు తట్టేదీ ఆవిడే. చదవగానే గుర్తుపట్టేశాను. మూడో ప్రశ్న దగ్గర అమ్మను గుర్తుపట్టినప్పుడే లేవాల్సింది. ఉద్యోగం మీద ఆశతో లేవలేకపోయాను. ఇప్పుడు లేస్తున్నాను."

తలుపు వైపు నడిచింది. "ఆ తలుపు దాటితే ఉద్యోగం వదులుకున్నట్టే" అంది మేడమ్. పిట్ట తల ఊపి గడియ మీద చెయ్యి వేసింది.

"కూర్చోవే, పిచ్చిమొహమా!" వదిన కేక ఈసారి కూడా ఆఫీసంతా వినపడే ఉంటుంది. కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. "గుర్తుపడితే నీకేం ఒరిగింది? ఆ ప్రశ్నకి జవాబు నాకే తెలియదు!"

అందరూ వదిన వైపు తిరిగారు. పిట్ట చెయ్యి గడియ మీదే ఉండిపోయింది. బల్ల దగ్గర మాత్రం డైరెక్టరు భార్య ఆఖరి మాట రాసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మేడమ్ చేతికి అందించింది. ఆ మడతలు వచ్చే వారం విప్పుదాం.